కుక్క తినే చోటు



తెలుగు సాహిత్యానికి ఆదికావ్యం రాజమహేంద్రవరంలో, 11వ శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో మొదలైంది. నన్నయ భట్టు భారతం ఆదిపర్వంలో కథ ఎంతో దూరం నడవకముందే ఒక కుక్కపిల్ల ప్రవేశిస్తుంది. కురుక్షేత్రంలో జనమేజయ మహారాజు దీర్ఘసత్రయాగం చేస్తుంటాడు. యాగం జరిగే చోట ఆడుకుంటున్న ఆ పిల్లని రాజుగారి తమ్ములు కొట్టి తరిమేస్తారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి పేరు సరమ, దేవతల కుక్క. ఆమె తిన్నగా రాజు ముందుకు వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారని నిలదీస్తుంది. సంస్కృత మూలంలో ఆ పిల్ల తల్లితో ఇంకో సంగతి కూడా చెప్పుకుంటుంది. హవిస్సుని నాకలేదు, దానివైపు కన్నెత్తి చూడనైనా లేదు అంటుంది. సరమ మాటకి జనమేజయుడు బెదిరిపోతాడు. తమ్ములు చేసిన పనికి వచ్చిన దోషం పోగొట్టగల పురోహితుడి కోసం వెతుక్కుంటూ వెళ్లి సోమశ్రవసుణ్ణి తెచ్చుకుంటాడు.

వంట జరిగే చోట, వడ్డన జరిగే చోట కుక్క ఎక్కడ ఉండాలన్న తగువు అంత పాతది. నన్నయ గారు ఆ కథ తెలుగు చేసిన ఊళ్లోనే ఆ తగువు ఇవాళ ప్రతి సాయంత్రం జరుగుతోంది.

రాజమండ్రి శివార్లు ఈ ఇరవై ఏళ్లలో బాగా పెరిగాయి. మోరంపూడి, బొమ్మూరు, హుకుంపేట, లాలాచెరువు, దివాన్‌చెరువు, అటు కాతేరు, కొంతమూరు. ఒకప్పుడు తోటలూ పొలాలూ ఉన్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. అపార్ట్‌మెంట్లతో పాటు వాటి కింద టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, పలావ్ సెంటర్లు, రోడ్డువార బజ్జీల బళ్లు వచ్చాయి. సాయంత్రం ఆరు దాటితే పెనం మీద అట్టు చుయ్యిమంటుంది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు రోడ్డు మీదకి వస్తాయి. ఆ కుర్చీల కింద ఒక కుక్క, బండి చక్రం పక్కన ఇంకో కుక్క, చెత్త డబ్బా దగ్గర మరో రెండు. అవి ఎవరివీ కావు, వీధివి. పొద్దుట ఏ బండి దగ్గర పూరీ దొరుకుతుందో, రాత్రి ఏ పలావ్ సెంటర్ వాళ్లు ఎముకలు ఎప్పుడు పారబోస్తారో వాటికి బాగా తెలుసు.

ఇప్పుడు ఇంకో రకం కుక్క కూడా ఆ చోటికి వస్తోంది. మెడకి పట్టీ, చేతిలో తాడు, యజమానితో షికారు. లాబ్రడార్లు, పామరేనియన్లు, షిట్జులు గోదావరి జిల్లాల అపార్ట్‌మెంట్లలో ఇంటి మనుషులైపోయాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటారు. ఇంట్లో ఉండేది పెద్దాయన, పెద్దావిడ, ఒక కుక్క. సాయంత్రం నడకకి వెళ్లి దార్లో పెసరట్టు తినాలంటే కుక్కని ఎక్కడ కట్టాలి? బండి దగ్గర ఆగగానే వీధి కుక్కలు మొరుగుతాయి, కుర్చీలో ఉన్నవాళ్లు కాళ్లు పైకి పెట్టుకుంటారు. "ఏమండీ, కుక్కని కాస్త అవతలికి తీసుకెళ్లండి" అంటారు ఎవరో. పెద్దాయన నొచ్చుకుని పార్సిల్ కట్టించుకుని వెళ్లిపోతాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. చోటు లేకపోవడమే అసలు ఇబ్బంది.

పెద్ద నగరాల్లో ఈ చోటు ఏర్పడింది. బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో థెరపప్, హైదరాబాద్ జూబ్లీహిల్స్ ప్రాంతంలో కేఫ్ డి లోకో కుక్కలతో కలిసి కూర్చోగల కేఫ్‌లుగా పేరు తెచ్చుకున్నాయి. 2018లో గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ కొండాపూర్‌లో ఎకరంపైన స్థలంలో ప్రత్యేకంగా కుక్కల పార్కే కట్టింది. చెత్త పడేసే చోటు పచ్చిక మైదానమైంది. అలాంటి కేఫ్‌లు రాజమండ్రి శివార్లకి అవసరమా అంటే, అవసరం లేదనే చెప్పాలి. ఏసీ గది, సోఫాలు, కాఫీకి మూడొందలు మన టిఫిన్ సంస్కృతి కాదు. మనకి కావలసినది ఇంతకన్నా తేలిక, అందులో సగం ఇప్పటికే మన దగ్గరుంది.

ఆ సగం ఏమిటో అమెరికా చట్టాలు చూస్తే తెలుస్తుంది. టెక్సస్ రాష్ట్రంలో, అంటే మన కోనసీమ, భీమవరం పిల్లలు ఎందరో స్థిరపడిన చోట, 2019 సెప్టెంబరు 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. హోటలు వాళ్లు ఇష్టపడితే ఆరుబయట కూర్చునే చోటికి కుక్కని రానివ్వొచ్చు. షరతులు మాత్రం ఖచ్చితం. కుక్కలకి అనుమతి ఉందని బోర్డు పెట్టాలి. కుక్క హోటల్ లోపలి నుంచి నడిచి రాకూడదు, బయటి నుంచే ఆ చోటికి దారి ఉండాలి. మెడకి తాడుండాలి. కుర్చీ ఎక్కకూడదు, బల్ల ఎక్కకూడదు. ఆ బయటి చోట వంట చేయకూడదు. కాలిఫోర్నియాలో ఇలాంటి చట్టమే 2015 జనవరి 1 నుంచి ఉంది. అమెరికా కేంద్ర ఆహార, ఔషధ సంస్థ 2022 నమూనా నియమావళిలో కూడా, స్థానిక అధికారులు ఒప్పుకుంటే ఆరుబయట భోజనాల చోట కుక్కలు ఉండవచ్చని చేర్చారు.

చూడండి, వాళ్లు చట్టం చేసి మరీ తెచ్చుకున్న ఆరుబయట మనకి పుట్టుకతో వచ్చింది. మోరంపూడిలో టిఫిన్ సెంటర్ కుర్చీలు బయటే ఉంటాయి. దారి బయటి నుంచే. చిక్కల్లా మన అట్ల పెనం కూడా బయటే ఉండడం. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల నిబంధనలు, 2011లో వచ్చినవి, వండే చోటికీ సరుకు నిల్వచేసే చోటికీ జంతువులు రాకూడదని చెబుతాయి. ఆ మాట న్యాయమైనది. పిండి గిన్నె పక్కన కుక్క వెంట్రుక ఎగరకూడదు. కాబట్టి చేయాల్సిన పని పెనానికీ కుక్కకీ మధ్య దూరం పెట్టడం. బండికి ఒక పక్కన పెనం, రెండో పక్కన, ఐదారు గజాల అవతల, రెండు కుర్చీలు, తాడు కట్టుకోవడానికి ఒక ఇనుప కొక్కెం, ఒక మట్టి మూకుడులో నీళ్లు. వడ్డించే కుర్రాడు కుక్కని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దీనికయ్యే ఖర్చు ఒక పూట కొబ్బరి చట్నీ ఖర్చంత ఉండదు.

పెంపుడు కుక్క సంగతి ఇంతటితో సరి. వీధి కుక్క సంగతి ఇంకా బరువైనది.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా, జస్టిస్ ఎన్.వి. అంజారియాల ధర్మాసనం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించాలని అదే నెల 11న వచ్చిన ఆదేశాన్ని సవరించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కల్ని పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. రేబీస్ ఉన్నవాటికీ, మీదపడి కరిచే స్వభావం ఉన్నవాటికీ మాత్రం మినహాయింపు. అందరూ గుర్తుపెట్టుకోవలసిన మాట ఇంకొకటి ఆ ఉత్తర్వులో ఉంది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కుక్కలకి తిండి పెట్టకూడదు, ప్రతి మునిసిపల్ వార్డులో వాటి కోసం ప్రత్యేకంగా చోట్లు నిర్ణయించి బోర్డులు పెట్టాలి అన్నది ఆ మాట. ఢిల్లీ కేసు పరిధిని కోర్టు రాష్ట్రాలన్నిటికీ విస్తరించింది. అదే ఏడాది నవంబరు 7న ఆసుపత్రులు, బడులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కల్ని తరలించాలని, వాటిని తిరిగి అక్కడ వదలకూడదని మరో ఆదేశం వచ్చింది.

అంతకుముందే, 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు తిండి పెట్టే ఆ చోటు ఎలా ఉండాలో చెప్పాయి. పిల్లలు ఆడుకునే స్థలానికి దూరంగా ఉండాలి. మెట్ల దగ్గర, గేటు దగ్గర పెట్టకూడదు. పిల్లలూ ముసలివాళ్లూ తిరిగే వేళ కాకుండా వేరే వేళ ఎంచుకోవాలి. పెట్టినవాళ్లే ఆ చోటు శుభ్రం చేయాలి. కాలనీ సంక్షేమ సంఘం, అపార్ట్‌మెంట్ సంఘం, లేదా స్థానిక సంస్థ ఈ ఏర్పాటు బాధ్యత తీసుకోవాలి.

చట్టం అనేసరికి కుక్కల్ని ప్రేమించేవారికి కోపం, భయపడేవారికి సంతోషం కలగవచ్చు. నిజానికి ఈ ఏర్పాటు ఇద్దరికీ మేలు చేస్తుంది. దీని కీలకం టీకాలో ఉంది. ఒక ఊళ్లో కనీసం 70 శాతం కుక్కలకి టీకా వేస్తే రేబీస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ని లేకుండా చేయాలని భారత ప్రభుత్వం 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కానీ వీధిలో పరుగెత్తే కుక్కకి సూది ఎవరు వేస్తారు? వలలు చూడగానే కుక్కలు ఊరవతలికి పారిపోతాయి. అదే కుక్క రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఒకే చోట, ఒకే మనిషి చేతి ముద్ద కోసం వచ్చి కూర్చుంటే, పశువైద్యుడి పని నిమిషాల్లో అయిపోతుంది. ఏ కుక్క చెవి కొస కత్తిరించి ఉందో, దేనికి లేదో కూడా అక్కడే కనిపిస్తుంది. ఆ కత్తిరింపు ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. కొత్తగా వచ్చిన ఆడకుక్క, కుంటుతున్న కుక్క, చొంగ కారుస్తూ తేడాగా తిరుగుతున్న కుక్క, ఏదైనా ముందు ఆ తిండి పెట్టే మనిషి కంటనే పడుతుంది.

ఏం పెట్టాలన్నది మరో ప్రశ్న. గోదావరి జిల్లాల చేతికి ఎముక లేదంటారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన నేల ఇది. ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. అలాంటి చోట మనిషి తినగా మిగిలిన పెసరట్టు ముక్క కుక్కకి విసరడం దయగానే తోస్తుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కలుంటాయి, లోపల ఉప్మా ఉంటుంది, ఉప్మాలోనూ ఉల్లే. ఉల్లిలో, వెల్లుల్లిలో ఉండే గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాల్ని పగలగొడతాయి. వండినా ఆ గుణం పోదు. కిలో బరువుకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి కడుపులో పడితే కుక్కకి రక్తం దెబ్బతింటుందని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. పది కిలోల వీధి కుక్కకి ఒక పెద్ద ఉల్లిపాయ చాలు. ఒక్క ముక్కకి ఏమీ కాకపోవచ్చు. కానీ బండి దగ్గర కుక్క తినేది ఒక్క ముక్క కాదు, రోజూ పదిమంది చేతి ముక్కలు. నాలుగు రోజులకి చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగుకి తిరుగుతుంది, కుక్క ఒక మూల పడుకుండిపోతుంది. జనం ఎండదెబ్బ అనుకుంటారు.

కిస్‌మిస్ అంతకన్నా ప్రమాదం. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాల్ని పూర్తిగా పాడుచేస్తాయి. ఎంత తింటే అలా అవుతుందన్నది కుక్కకీ కుక్కకీ మారుతుంది, అందుకే ఒక్కటి కూడా పెట్టకపోవడం మంచిది. డ్రైఫ్రూట్ పూతరేకు, పండగ పరమాన్నం ప్రేమగా పెట్టేవాళ్లు ఇది తెలుసుకోవాలి. చాక్లెట్ సరేసరి. పలావ్ సెంటర్ కోడి ఎముక ఉడికాక పెళుసుగా చీలి సూదుల్లాగా మారుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఇంకొకటి మన కళ్ల ముందే జరుగుతుంది. పార్సిల్ చట్నీ పల్చటి కవర్లో పోసి దారం చుట్టి ఇస్తారు. తిన్నవాళ్లు కవర్ విసిరేస్తారు. చట్నీ వాసనకి కుక్క ఆ కవర్ని దారంతో సహా మింగేస్తుంది. కవర్ పేగులో ఉండలు చుట్టుకుని అడ్డుపడితే ఆపరేషన్ ఒక్కటే దారి. వీధి కుక్కకి ఆ ఆపరేషన్ ఎవరు చేయిస్తారు?

మరి ఏం పెట్టొచ్చు? మన వంటల్లోనే ఉన్నాయి. ఉత్త ఇడ్లీ పెట్టొచ్చు. అంబాజీపేట పొట్టిక్క, పనసాకుల బుట్ట తీసేసి, చట్నీ లేకుండా పెట్టొచ్చు. దిబ్బరొట్టె ముక్క, కారం లేని సాదా అట్టు, తాలింపు లేని పెరుగన్నం, ఉడికించిన గుడ్డు. అన్నం కుక్కకి పడదని కొందరంటారు గానీ సైన్సు వేరే చెబుతోంది. 2013లో నేచర్ పత్రికలో స్వీడన్ పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. తోడేలుకి పిండిపదార్థం అరిగించే జన్యువు ప్రతులు రెండే ఉంటే, కుక్కలో 4 నుంచి 30 దాకా ఉన్నాయని వాళ్లు కనుగొన్నారు. రైతు ఇంటి ధాన్యం తిని, మనిషితో కలిసి వేల ఏళ్లు బతికిన జంతువు అది. డెల్టా వరి అన్నం దానికి కొత్త కాదు. అయితే అన్నం ఒక్కటే చాలదు. 15 కిలోల కుక్కకి రోజుకి 850 కేలరీల దాకా కావాలి, అందులో మాంసకృత్తులూ ఉండాలి. గుడ్డో, ఎముక తీసిన కోడి ముక్కో, ఉడికించిన చేపో ముల్లు తీసి కలిపితే పూర్తి భోజనం అవుతుంది.

నీళ్లు అన్నిటికన్నా ముఖ్యం. రోహిణి కార్తెలో గోదావరి గట్టు మీద మనుషులే నిలబడలేరు. కుక్కకి ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. నీళ్లు లేకపోతే ఆ రొప్పు ఆగదు. హోటలు ముందు ఒక సిమెంటు తొట్టి, రోజూ పొద్దుటే పారబోసి నింపే నీళ్లు చాలు. పారబోయడం మర్చిపోతే దోమలు గుడ్లు పెడతాయి.

తిండి ఎక్కడ దొరికితే కుక్కలు అక్కడే గుమికూడతాయి. దానికి ఇంకో పర్యవసానం కూడా ఉంది, రాజమండ్రి శివార్లు దాన్ని కళ్లారా చూశాయి. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అటవీ ప్రాంతం, లాలాచెరువు పరిసరాల్లో చిరుతపులి తిరిగింది. అటవీ శాఖ కెమెరాలు పెట్టింది, బోన్లు పెట్టింది. తర్వాత అది కడియం నర్సరీల వైపు వెళ్లింది. రోజుల తరబడి జనం చీకటి పడితే తలుపులు వేసుకున్నారు. ఆ చిరుత ఎందుకు వచ్చిందో ఒక్క కారణం చెప్పలేం. కానీ ముంబయి సంజయ్ గాంధీ జాతీయ పార్కు అంచున చిరుతల ఆహారంలో వీధి కుక్కలది పెద్ద వాటా అని పరిశోధకులు తేల్చారు. అడవి అంచున ఉన్న కాలనీలో హోటలు ఎంగిలి రోడ్డు పక్కన కుప్ప పోస్తే, కుప్ప దగ్గరికి కుక్క, కుక్క కోసం చిరుత వచ్చే వీలుంటుంది. తడి చెత్తని మూత ఉన్న డబ్బాలో వేసి మునిసిపల్ బండికి ఇవ్వడం ఆ కాలనీలో ప్రాణరక్షణ కూడా. చెత్త వేరు చేయడం ఘనవ్యర్థ నియమాల ప్రకారం హోటళ్ల బాధ్యత.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల దగ్గర, రోడ్ల వెంట వేల బళ్లు వెలుస్తాయి, లక్షల విస్తళ్లు లేస్తాయి. ఆ ఎంగిలికి చుట్టుపక్కల కుక్కలన్నీ చేరతాయి. రద్దీలో కాలు తొక్కితే కుక్క కరుస్తుంది. కరిచాక చేయాల్సింది వెంటనే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు గాయం కడగడం, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టడం. పసుపూ కారం పెట్టడం ఇకనైనా మానాలి. అయితే కాట్లు జరగకుండా చూసుకునే పని పుష్కరాలకి ఏడాది ముందే మొదలవ్వాలి. వార్డు వారీగా చోట్లు నిర్ణయించి, ఆ చోట్లకి అలవాటుపడ్డ కుక్కలకి ఆపరేషన్లు, టీకాలు ముందే పూర్తిచేస్తే ఆ పన్నెండు రోజులు భక్తులకీ కుక్కలకీ క్షేమంగా గడుస్తాయి.

హోటలు యజమానులకి ఒక మనవి. రాత్రి పొయ్యి ఆర్పాక ఉల్లి, కారం కలవని ఇడ్లీలు మిగిలితే వేరే గిన్నెలో తీయించండి. మీ వీధిలో కుక్కలకి తిండి పెట్టే అక్కగారో, బాబాయిగారో ఉంటే వాళ్లకి ఇవ్వండి. బండి ముందు మాత్రం పోయకండి. పెంపుడు కుక్కని వెంట తెచ్చేవాళ్లు ఏటా రేబీస్ టీకా వేయించి, ఆ కార్డు ఫొటో ఫోనులో ఉంచుకోండి. తాడు వదలకండి. కుక్క చేసిన మలినం మీరే ఎత్తండి. అప్పుడు బండివాడు "రండి, అటు పక్క కూర్చోండి" అంటాడు.

శ్రోతలందరికీ చివరిగా ఒక పని. మీ వార్డు కార్యాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి ఉంటారు. మీ వీధిలో కుక్కలకి తిండి పెట్టే చోటు నిర్ణయించారా అని ఈ వారంలో వెళ్లి అడగండి. నిర్ణయించకపోతే కాలనీవాళ్లు పదిమంది సంతకాలు చేసి, మీకు అనువైన చోటు, వేళ మీరే సూచిస్తూ అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.